మిద్దె మీది గోడ

ఆ ఎండాకాలం నంద్యాలలో ఉన్నోళ్లకు ఇళ్లమ్ముకునే జ్వరం పట్టింది. అది యాభై నాలుగో సంవత్సరం. కర్నూలు రాజధాని అయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆఫీసులు గుడారాల్లో నడుస్తున్నాయనీ, గుమాస్తాలు గొడ్లకొట్టాలకు కూడా అద్దె కట్టి పిల్లాజెల్లాతో కాపురముంటున్నారనీ బస్సు దిగిన ప్రతివాడూ చెప్పేవాడు. ఇంకేం కావాలి? తాతలు కట్టిన మిద్దెలు ఇక్కడ తెగనమ్మడం, కర్నూలులో నాలుగు గోడలు లేపి నెలనెలా అద్దె దండుకోవడం. అరుగుల మీద కూర్చున్న పెద్దమనుషుల నోట వేరే మాటే లేదు. ఆ రాజధాని మూడేళ్లకే హైదరాబాదుకు లేచిపోతుందని అప్పుడు ఎవడికి తెలుసు?

ఆ జ్వరమే లేకపోతే మాలాంటి వాళ్లం మిద్దెలపేటలో గడప తొక్కే వాళ్లం కాదు.

మిద్దెలపేట ఊరికి పడమటి అంచున ఉంటుంది. నవాబుల కాలంలో భూములు సంపాదించిన రెడ్లు కట్టుకున్న పేట. నల్లమల టేకు తలుపులు, బేతంచెర్ల నాపరాళ్ల అరుగులు, గోడకు గోడ ఆనించి కట్టిన ఇళ్లు. మిద్దెలన్నీ ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉంటాయి. ఆ ఇళ్ల ఆడవాళ్లు వీధిలో కాలు పెట్టకుండా మిద్దెల మీదనే ఈ కొస నుంచి ఆ కొసకు పోయి వస్తారు. మిరపకాయలు అక్కడే ఆరతాయి, పిల్లలు అక్కడే నిద్రపోతారు, పెండ్లి మాటలు అక్కడే కుదురుతాయి. మా వాళ్లకు తెలిసిన మిద్దెలపేట వేరు. అది వెనక సందు. పేడ ఎత్తడానికీ, మట్టి మొయ్యడానికీ పోయే దారి అది.

నా పేరు లీలావతి. మాది మిషన్ పాళెం. నేను జిన్నింగు మిల్లులో పత్తి కూలిని, యూనియన్లో నోరున్న దాన్ని. డోనులో కాపురం కాలదన్ని వచ్చి అమ్మానాయనల దగ్గర ఉంటున్నాను. చదువు బడిలో రాలేదు. గోడల మీది పోస్టర్లు కూడబలుక్కుని నేర్చుకున్నాను. అందుకే నా రాత కూడా పోస్టరు మాదిరే ఉంటుంది. మెత్తగా రాయడం నాకు చేతకాదు.

మా నాయన ఇస్సాకు రైల్వేలో గ్యాంగు మేస్త్రీ చేసి ఆ యేడే దిగిపోయాడు. పట్టాల పక్క రేకుల గదుల్లో బతుకంతా గడిపిన మనిషి. రైలు పోయినప్పుడల్లా అన్నం పళ్లెం అదిరే గదులు అవి. ఆయనకు ఒకటే ఆశ. సచ్చేలోపల గడప ఉన్న ఇంట్లో నిద్రపోవాల. అంతే.

మేము కొన్నది నిజానికి సగం ఇల్లు. ఒకప్పుడు ఒకే మిద్దె. అన్నదమ్ములు ఓబుళరెడ్డి, తిరుపాలరెడ్డి భాగాలు పంచుకుని లోపల నడిమికి గోడ పెట్టుకున్నారు. పైన మిద్దె మాత్రం అట్లే కలిసి ఉండిపోయింది. తమ్ముడు తిరుపాలరెడ్డికి కర్నూలు పిచ్చి పట్టింది. ఆ పేటలో ఒక కట్టుబాటు ఉంది. ఇల్లు అమ్మేవాడు గోడ కలిసినవాణ్ణి ముందు అడగాలి. అడిగాడు. ఓబుళరెడ్డి అరుగు మీద నలుగురిలో కూర్చుని నవ్వాడు.

"సగం మిద్దె ఎవడు కొంటాడ్రా? నడిమి గోడ నాది, దూలం సగం నాది. గొడ్లకొట్టానికి ఇచ్చే ధర ఇస్తా. ఇష్టముంటే పుచ్చుకో, లేదంటే తాళం వేసుకోని కర్నూలు పో."

తమ్ముడు ఎన్నాళ్లకైనా తన కాళ్ల దగ్గరికే వస్తాడని ఆయన లెక్క. తమ్ముడు అటు నుంచి అటే మా పాళేనికి వచ్చాడు. మా వాకిట్లో నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఇస్సాకూ, ఇల్లు కొంటావా?"

"ఎవరి ఇల్లు సామీ?"

"నాది. మిద్దెలపేటలో."

నాయన చేతిలో బీడీ ఆరిపోయింది. మా అమ్మ హన్నమ్మ పొయ్యి దగ్గర నుంచే అంది, "వాళ్లన్న మీద కోపం మన నెత్తిన రుద్దుతాండాడు. వద్దని చెప్పు."

"వద్దంటే ఈడనే సస్తాం గదే," అన్నాడు నాయన.

"సస్తే ఈడ నలుగురొస్తారు మొయ్యను. ఆడ ఎవరొస్తారు?"

నాయన బీడీ పారేసి లేచాడు. రిజిస్ట్రారు ఆఫీసుకు పోయి వేలిముద్ర వేసి వచ్చాడు. చైత్రంలో సామాన్లు బండి మీద వేసుకుని మిద్దెలపేటలో దిగాము. వెనక సందులోంచి కాదు, ముందు వీధిలోంచి. తలుపు తీసి లోపలికి పోయే ముందు నాయన గడప మీద కూర్చున్నాడు. చేత్తో ఆ టేకు చెక్కను తడిమాడు. వీధిలో అరుగులన్నీ ఒక్కసారి ఖాళీ అయిపోయాయి.

*

మట్టిమిద్దెకు ఏటా వానలకు ముందు చవుడు పొయ్యాలి. చవుడు అంటే తెల్లటి ఉప్పుమట్టి. దాన్ని మిద్దె మీద పరిచి తొక్కితే వానకు మెత్తబడి బిగుసుకుని నీళ్లు కిందికి దిగనియ్యదు. ఇంతకుముందు ఆ పేట మిద్దెల మీదికి మా అమ్మ చవుడు తట్టలు మోసిందే. ఈసారి సొంత మిద్దెకు మోసింది. నేను మిల్లు నుంచి వచ్చేసరికి పొద్దు గూకేది. ఇద్దరం తొక్కేవాళ్లం.

ఒక సాయంత్రం పక్క మిద్దె మీద నుంచి గొంతు వినపడింది.

"మే, ఎవరే ఆడ తొక్కుతాండేది?"

ఓబుళరెడ్డి తల్లి రామసుబ్బమ్మ. నడుము ఒంగిపోయిన ముసలామె. గాలి కోసం సాయంత్రాలు కోడలి చెయ్యి పట్టుకుని మిద్దెక్కేది.

"నేనవ్వా, హన్నమ్మను. ఇస్సాకు పెండ్లాన్ని."

"పలచగా పోస్తాండావు. దోనెలు మీ పక్కనుండాయి. మా మిద్దె నీళ్లు గూడా మీ మీదుగానే సందులో పడాల. మందంగా పొయ్."

"అట్లనే అవ్వా."

"ఇంగోటి. చినుకు పడితే ముందు మిద్దెక్కినోళ్లు పక్కోళ్ల గవాచి గూడా మూయాల. నీది నాది అని లేదు. నేను కాపురానికొచ్చిన నాటి నుంచి ఈ పేటలో అది కట్టుబాటు."

గవాచి అంటే వెలుతురుకూ పొగకూ మిద్దెలో వదిలిన బొక్క. పక్కనే మూతకు ఒక నాపబండ పెట్టి ఉంటుంది. వాన వస్తే బండ జరపాలి. లేకపోతే నీళ్లు నేరుగా పొయ్యిలో పడతాయి.

అమ్మ తట్ట దించింది. "మేం ముట్టుకోవచ్చునా అవ్వా?"

ముసలామె ఆరబోసిన మిరపకాయలను వేళ్లతో అటూ ఇటూ కదిపింది.

"మందంగా పొయ్‌మే చవుడు," అంది మళ్లీ.

అమ్మ దానిని ఒప్పుకోలు అనుకుంది. నేను అనుకోలేదు. ఆ పేట మనుషులు నోటితో చెప్పని మాటనే గట్టిగా పట్టుకుంటారని యూనియన్ పనుల్లో నాకు బాగా తెలుసు.

*

వైశాఖంలో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. పేటంతా తిని పడుకుని ఉంది. ఆ రోజు మిల్లుకు సెలవు, నేను ఇంట్లోనే ఉన్నాను. పెద్ద పెద్ద చినుకులు టపటపమని పడ్డాయి. అమ్మ కొంగు నెత్తిన వేసుకుని నిచ్చెన ఎక్కింది. మా గవాచి మూసింది. పక్క మిద్దె మీద ఎవరూ లేరు. వాళ్ల వంటింటి గవాచి నోరు తెరుచుకుని ఉంది. అమ్మ పరుగెత్తి పోయి ఆ బండ కూడా జరిపింది.

కింద వంటింట్లో ఓబుళరెడ్డి భార్య యశోదమ్మ ఊరగాయ కలిపి జాడీలకు ఎత్తుతోంది. ఆ యేటి మామిడికాయ ఊరగాయ. తలెత్తి చూసింది. గవాచిలో మోచేతి దాకా పచ్చబొట్టు పొడిపించుకున్న చెయ్యి కనపడింది. మా పాళెం ఆడవాళ్ల పచ్చబొట్టు అది. ఎవరి చెయ్యో ఆమెకు వేరే చెప్పే పని లేదు.

కేక వినపడింది మాకు. ఆ తర్వాత వీధి తలుపు తెరుచుకుంది. జీతగాడు జాడీ వెనక జాడీ తెచ్చి వీధిలో వంచాడు. వాన నీళ్లలో ఎర్రటి నూనె, ఆవపిండి, కాయముక్కలు మా అరుగు ముందు నుంచి పారుకుంటూ పోయాయి. చెయ్యి నీడ పడిందట ఊరగాయ మీద.

అమ్మ తలుపు సందులోంచి చూస్తూ నిలబడింది. తల తడిసి నీళ్లు కారుతున్నాయి.

"నేను మూసినందుకే గదా అది తడవలేదు," అంది నాతో.

"తడిసింటే దాచుకోని తినేవాళ్లు," అన్నాను.

రెండు దినాలకు ఓబుళరెడ్డి మిద్దె మీదికి రాళ్లూ మట్టీ ఎక్కించాడు. రెండు మిద్దెలూ కలిసే చోట, నడిమి దూలం మీద, నిలువెత్తు గోడ లేపుతున్నారు. ఆయన గొడుగు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. నేను నిచ్చెన ఎక్కి ఎదురుగా పోయాను.

"ఏందప్పా ఈ గోడ?"

"నా ఇంటి మీద నేను కట్టుకుంటాండా. నిన్నడగాల్నా?"

"నీ ఇంటి మీద కాదు, దూలం మీద కడ్తాండావు. దూలం సగం మాది."

"ఓహో. అయితే దూలానికి గూడా ఒక యూనియన్ పెట్టుపో."

కూలోళ్లు నవ్వారు. వాళ్లలో ఇద్దరు మా పాళెం వాళ్లే. నవ్వాక తలలు దించుకున్నారు.

"పెడ్తా. మొదటి సమ్మె నీ నెత్తి మీదనే చేయిస్తా," అన్నాను.

కింద వాళ్ల గదిలోంచి, గవాచి గుండా, ముసలామె గొంతు వచ్చింది. "ఒరే ఓబుళా, నీళ్లు యాడికి పోవాల్రా? దోనెలు ఆ పక్కనుండాయి గదా?"

"బేతంచెర్లకు దోనెరాళ్లు చెప్పినాలే అమ్మా. మన పక్కకే వేరేగా పెట్టిస్తా. వానలు పడేలోపల వస్తాయి."

గోడ లేచింది. దోనెరాళ్లు రాలేదు. ఆ యేడు రాళ్లన్నీ కర్నూలుకే పోతున్నాయి, కొత్త ఇళ్లకు.

*

నాకు చేతులు దురద పెట్టాయి. మునిసిపాలిటీకి అర్జీ రాశాను. పేట మొగదల్లో మీటింగు పెడదామని యూనియన్ వాళ్లతో మాట్లాడి వచ్చాను. ఆ సంగతి ఇంట్లో చెప్పగానే అమ్మ చేట కింద పెట్టింది.

"వాళ్లు ఒక దినం అరిచి పోతారు. నువ్వు పొద్దున మిల్లుకు పోతావ్. ఈడ పగలంతా ఉండేది నేను."

"అయితే ఊరికే పడుండాల్నా?"

"పడుండేదెందుకు? అమ్మేసి పోదాం."

అమ్మ ఆ మాట అనడం అది మొదటిసారి కాదు. నీళ్ల కోసం వీధి కొళాయికి పోతే బిందెలన్నీ పక్కకు జరిగేవి. కొట్టు కోమటి చిల్లర చేతికి ఇవ్వకుండా బండ మీద పెట్టేవాడు. పాళెంలో ఆమెకు రోజుకు వంద మాటలు మాట్లాడే అలవాటు. ఇక్కడ నేను వచ్చేదాకా నోరు విప్పే పని లేదు. గోడ లేవక ముందు ముసలామెతో మిద్దె మీద నాలుగు మాటలన్నా దొరికేవి. ఇప్పుడు అవి కూడా పోయాయి. ముసలామె ఆ వేసవిలోనే జారిపడి తుంటి విరగ్గొట్టుకుని మంచాన పడింది. నడిమి గోడకు చెవి పెడితే ఆమె మూలుగు వినపడేది. అమ్మ అప్పుడప్పుడూ చెవి పెట్టేది.

నాయన కూడా మెత్తబడిపోయాడు. మొదట్లో సాయంత్రాలు తెల్లచొక్కా వేసుకుని అరుగు మీద కూర్చునేవాడు. దారిన పోయేవాళ్లు ఆ అరుగు రాగానే వీధికి ఆ పక్కకు మళ్లేవాళ్లు. ఇప్పుడు తలుపు మూసుకుని లోపల గడప దగ్గరే కూర్చుంటున్నాడు.

ఓబుళరెడ్డికి ఇదంతా తెలుసు. ఆషాఢంలో మనిషిని పంపాడు. ఆయన కౌలుదారు, నెమ్మదస్తుడు. వీధిలోనే నిలబడి చెప్పాడు.

"రెడ్డి ఏమంటాడంటే, మీరిచ్చింది మీకు ఇచ్చేస్తాడంట. నష్టం లేకుండా. ఆయప్పకు ఆళ్లగడ్డలో విత్తనాల పని ఉండాది, పోయొస్తాడు. వచ్చేసరికి మీరు ఒక మాట అనుకోండి."

"ఏందీ అనుకునేది?" అని నేను లేచాను.

నాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆదివారం మిషన్ గుడికి పోయొచ్చినంక చెప్తామను."

అతను పోయాక నేను ఇద్దరినీ తిట్టాను. ఇల్లు మాది, పత్రం మాది, వేలిముద్ర పడింది, ఎవడు లేపుతాడు మనల్ని అని అరిచాను. అమ్మ విన్నది. మొత్తం విన్నాక అంది, "నువ్వు చెప్పేదంతా నిజమే లీలా. నిజం తోడుగా ఉండదు. మనిషి తోడుండాల."

నాయన గడప మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. అమ్మేస్తాడని నాకు తెలిసిపోయింది.

*

ఆ వారమంతా ముసురు. ఆగి ఆగి కురవడం కాదు, ఒకటే ధార. కుందూ ఒడ్లు ఒరుసుకుని పారుతోంది, ఆళ్లగడ్డ దారిలో వాగులు పొర్లి బస్సులు నిలిచిపోయాయి అని చెప్పుకున్నారు. మిల్లులోకి నీళ్లొచ్చి పని ఆపేశారు. శనివారం పగలు ముగ్గురమూ ఇంట్లో ఉన్నాము. మందంగా పోసిన చవుడు కదా, మా మిద్దె ఒక్క చుక్క కారలేదు.

పక్కింట్లోంచి కిర్రుమని చప్పుడు వచ్చింది. కాసేపటికి మళ్లీ. నాయన తలెత్తాడు. పట్టాల కింద కొయ్య దిమ్మల చప్పుడు విని బతికిన మనిషి.

"దూలం," అన్నాడు.

అమ్మ నిచ్చెన ఎక్కింది, వెనకాల నేను. తట్ట బోర్లించి దాని మీద నిలబడి గోడ అవతలికి చూశాము.

వాళ్ల మిద్దె చెరువై ఉంది. గోడ అడ్డం నిలిచి చుక్క నీరు కదలడం లేదు. నీళ్లు గవాచి అంచు దాకా వచ్చేశాయి. యశోదమ్మ మోకాటి కింది దాకా నీళ్లలో నిలబడి ఇత్తడి బిందెతో తోడి వీధిలోకి పారబోస్తోంది. చీర ఒంటికి అంటుకుపోయింది. జీతగాళ్లందరూ విత్తనాలకు ఆళ్లగడ్డ పోయారు. ఇంట్లో ఆమె, ముసలామె తప్ప ఎవరూ లేరు. ఇరుగుపొరుగు తలుపులు వేసుకుని ఎవరి మిద్దె వాళ్లు చూసుకుంటున్నారు.

ఆమె మమ్మల్ని చూసింది. చూసి మళ్లీ తోడింది. ఒక బిందె, ఇంకో బిందె. జారి మోకాళ్ల మీద పడింది. లేచింది. అప్పుడు బిందె వదిలేసింది.

"హన్నమ్మా," అంది. మా అమ్మ పేరు ఆమెకు తెలుసని మాకు అప్పుడే తెలిసింది. "మా అత్త కింద ఉండాది. ఎత్తి మోయాల. నాకు చేతగాల్యా."

గోడ వైపు చూసింది.

మూసిన గవాచి సందులోంచి ముసలి గొంతు. "ఎవరే పైన? హన్నమ్మనా? కొట్టవే! ఆ గోడ కొట్టిపారెయ్! నేను చెప్తాండా, కొట్టు!"

"లీలా, గడ్డపార తే," అంది అమ్మ.

కింద నిచ్చెన పట్టుకున్న నాయనకు సంగతి అర్థమైంది. "హన్నా, కొడితే ఆ నీళ్లన్నీ ఒక్కసారి మన ముందర అంకణం కప్పు మీదికొస్తాయి. నిలవదు."

"తెలుసు. నువ్వు ట్రంకుపెట్టె, బియ్యం వసారాలోకి జరుపు. బేగ."

గడ్డపార తెచ్చాను. ఆ గోడను పడగొట్టాలని రెండు నెలలు కలలు కన్నదాన్ని. జనం నిలబడి చూస్తుండగా, నినాదాలిస్తూ పడగొట్టాలని నా కల. ఇట్ల కాదు. వాళ్ల ఇల్లు నిలబెట్టడానికి మా ఇంటి మీదికి నీళ్లు తోలుకోవడానికి కాదు. గడ్డపార పట్టుకుని నిలబడిపోయాను.

"అమ్మా, మనిల్లు పోతాది."

"ఆయమ్మ సస్తాది," అని గడ్డపార లాక్కుంది.

గోడ కింద మొదట్లో పొడిచింది. మట్టి నానిపోయి ఉంది, రాళ్లు ఊడి వచ్చాయి. మూడో పోటుకో నాలుగో పోటుకో నీళ్లు బుస్సుమని దూకాయి. అమ్మ పక్కకు పడింది. నేను పట్టుకున్నాను. గోడ సగం దాకా కూలి, ఆ చెరువంతా మా మిద్దె మీదికి మళ్లింది. మేము తొక్కిన తెల్ల చవుడు కళ్ల ముందే కొట్టుకుపోయింది. దోనెలు ఆ నీళ్లను మింగలేకపోయాయి.

నిచ్చెన దిగి వసారాలోకి వచ్చేలోపే మా ముందర అంకణం కూలింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. దూలాల మీద పరిచిన దంతెలు ఒకదాని వెనక ఒకటి వంగి, మట్టి ముద్దగా కిందికి దిగిపోయింది. అటువైపు కిర్రుమనడం ఆగిపోయింది.

నాయన ఎక్కడని చూశాను. గడప మీద కూర్చుని ఉన్నాడు. టేకు వాకిలి చెక్కుచెదరలేదు. ఆయన వెనక ఇల్లు లేదు, నెత్తి మీద కప్పు లేదు, వాన ముఖం మీద పడుతోంది. వీధి తలుపు బార్లా తెరిచి కూర్చున్నాడు. ఆ మధ్య ఎన్నడూ తెరవని తలుపు.

*

ఆదివారం గుడికి పోలేదు. మట్టి ఎత్తుకోవడంతోనే సరిపోయింది. పాళెం నుంచి నలుగురు వచ్చారు. మిద్దెలపేట నుంచి ఎవరూ రాలేదు. మధ్యాహ్నం మా అరుగు చివర ఒక గిన్నె ఉంది, మీద ఆకు కప్పి. రాగిసంగటి. ఎవరు పెట్టారో చూడలేదు. నేను తోసెయ్యబోయాను. అమ్మ తీసుకుని అందరికీ పంచింది.

వాగులు తగ్గి ఓబుళరెడ్డి తిరిగి వచ్చాడు. మొదట చేసిన పని ఏమిటో చెప్తాను. గోడ మళ్లీ కట్టించాడు. అదే చోట, అంతే ఎత్తు. ఈసారి అడుగున ఒక తూము వదిలించాడు, చెయ్యి పట్టేంత. నీళ్లు ఇటు రావడానికి.

నాకు ఒళ్లు మండిపోయింది. "నీళ్లకు దారి పెట్టినాడు చూడు. ఆ తూములో రాయి కొడ్తా. ఈసారి నిజంగా మునగనీ."

అమ్మ మట్టి తట్ట ఎత్తుకుంది.

సాయంత్రం ఓబుళరెడ్డి స్వయంగా వచ్చాడు. వీధిలో, మా అరుగుకు బారెడు దూరంలో నిలబడ్డాడు. మొదటిసారి ఆ మనిషి గొంతులో ఎగతాళి లేదు.

"ఇస్సాకూ, మా అమ్మ చెప్పింది. సరేలే, జరిగిందేదో జరిగింది. మీ అంకణం పోయింది. మళ్లా ఎత్తాలంటే మీ వల్ల కాదు. నేనన్న మాట మీద ఉండా. పడిపోయిందని తగ్గించి అడగను. తీసుకోని పాళెం పోండి, సుఖంగా ఉంటారు."

నాయన అమ్మ వైపు చూశాడు. ఆ చూపుకు అర్థం నాకు తెలుసు. అమ్మేద్దామన్నది ఆమే కదా, ఆమె నోటితోనే చెప్పనీ అని.

అమ్మ చేతుల మట్టి కొంగుకు తుడుచుకుని గడప దాకా వచ్చింది.

"అమ్మం," అంది.

ఓబుళరెడ్డి నొసలు ముడిచాడు. "ఏందీ?"

"అమ్మం అంటాండా. మేం పోతే, ముసురు పట్టినప్పుడు మీ గోడ ఎవరు పగలగొడ్తారప్పా?"

"తూము పెట్టించినా గదా. ఇంగ పగలగొట్టే పనుండదు."

"తూముకు చెత్త అడ్డం పడ్తాది. కొట్టుకొచ్చిన మట్టి పూడుతాది. అది ఈ పక్క నుంచి తీయాల. ఈ పక్క మనిషుండాల."

ఆయన తన వాకిలి వైపు ఒకసారి చూశాడు. తలుపు వెనకాల ఎవరో నిలబడి ఉన్నట్టుంది, గాజులు కదిలాయి. చెప్పులు ఈడ్చుకుంటూ లోపలికి పోయాడు.

నాయన మెల్లిగా అడిగాడు. "నువ్వే గదే అమ్మేద్దామంటివి?"

"అప్పుడు అంటి." అమ్మ మబ్బు వైపు చూసింది. "చవుడు బండి మాట్లాడు. దంతెలకు పాళెం వాళ్లను అడుగు. మళ్లా వస్తాంది."

చెప్పినట్టే ఆ పొద్దు గూకక ముందే చినుకు మొదలైంది. అమ్మ నిచ్చెన ఎక్కింది. నేనూ ఎక్కాను. కూలిన అంకణం పక్కగా, గోడ వెంబడి జాగ్రత్తగా నడిచి పోయింది. కొత్త తూము అప్పుడే సగం పూడిపోయి ఉంది. గోడ కట్టిన మట్టి, మిరప తొడిమలు. అవతల నీళ్లు నిలుస్తున్నాయి.

అమ్మ గొంతుక్కూర్చుని తూములో చెయ్యి పెట్టింది. పచ్చబొట్టు చెయ్యి, మోచేతి దాకా లోపలికి పోయింది. పిడికెడు మట్టి లాగింది, పారేసింది, మళ్లీ పెట్టింది. గోడ అవతల ఎవరో ఉన్నారు. నీళ్లలో అడుగులు వినపడ్డాయి. దగ్గరికి వచ్చి ఆగాయి.

ఆ చెయ్యి అప్పుడు వాళ్ల ఇంట్లో ఉంది. నేను కేక కోసం ఎదురుచూశాను.

కేక రాలేదు. వీధి తలుపు తెరుచుకోలేదు. అమ్మ చెయ్యి మీదుగా నీళ్లు ఇటు పారాయి.